తెల్లగుడ్డ

ఆ దుకాణంలో నగలు ఇనప్పెట్టెలోంచి బయటికి రాకముందే మెడలు బయటికి రావాలి. అది అక్కడి పద్ధతి. హారాల కౌంటరు ఆడపిల్లలంతా జుట్టు పైకి ముడిచి, గోడవైపు మొహాలు తిప్పి వరసగా నిలబడతారు. తడిపి పిండిన తెల్లగుడ్డతో పెద్ద మేడమ్ వాళ్ళ వెనక నడుస్తుంది. ఒక్కో మెడ చుట్టూ ఒక తుడుపు తుడిచి, గుడ్డను లైటు వెలుగుకి ఎత్తి చూస్తుంది. పౌడరు కనబడితే తిట్లు. జిడ్డు కనబడితే ఇంకాస్త పెద్ద తిట్లు. ఏమీ కనబడకపోతే "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ" వినబడేదాకా పిల్లల ఊపిరి గొంతులోనే ఉంటుంది.

ఎప్పుడో ఒక పెద్దింటావిడ కొన్న హారం వెనక ఎవరిదో పౌడరు మరక కనబడి పెద్ద గొడవ అయిందట. అప్పట్నుంచీ ఈ మెడ పరీక్ష. పెద్ద మేడమ్‌కి "తెల్లగుడ్డ" అన్న పేరు కూడా అప్పట్నుంచే. ఆవిడ లేనప్పుడు అంతా అలాగే అంటారు.

ముఖమల్ మెడకు తొడిగిన హారం నిద్రపోతుంది, మనిషి మెడకు తొడిగితే లేచి కూర్చుంటుంది అని ఆ దుకాణం యజమాని నమ్మకం. అందుకని హారాల పిల్లలే ఒక్కొక్కటీ మెడలో వేసుకుని కొనేవాళ్ళకు చూపిస్తారు. వాళ్ళలో ఒకమ్మాయికి అందరూ పెట్టిన పేరు బొమ్మ. ఆమెకు పెళ్ళయి ఎన్నాళ్ళో కాలేదు. ఆ పని అంటే ఆమెకు ప్రాణం. హారం మొదట తగిలినప్పుడు చల్లగా ఒళ్ళు జలదరించేది. కాసేపటికి ఒంటి వేడి ఎక్కి, వెనకనుంచి ఎవరో వచ్చి మెడ మీద చెయ్యి వేసినట్టుండేది. ఆ చెయ్యి ఎవరిదో తలుచుకుని తనలో తనే నవ్వుకునేది. కొనేవాళ్ళు ఆ నవ్వు హారం వల్ల వచ్చిందనుకుని హారం కొనేసేవాళ్ళు.

ఆ ఉదయం పెద్ద మేడమ్ వచ్చి బొమ్మ మెడ దగ్గర ఆగింది. ఒకసారి తుడిచింది. మళ్ళీ తుడిచింది. ఈసారి వేలు గుచ్చి రుద్దింది.

"ఏమిటిది?"

"ఏది మేడమ్?"

"ఏది మేడమ్ అంట! వీపుకి కళ్ళు లేవు సరే, ఇంట్లో అద్దం కూడా లేదా? ముడత ముడతకీ మురికి చారలు కట్టి ఉంది."

"రోజూ స్నానం చేస్తాను మేడమ్."

"నీళ్ళు కుమ్మరించుకోవడం వేరు, స్నానం చెయ్యడం వేరు."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. బొమ్మ చెవులు వేడెక్కాయి. మెడ వెనక రంగు మారిందని ఆమెకు తెలియకపోలేదు. పెళ్ళికి ముందు చిన్న నీడలా ఉండేది. ఇప్పుడు పక్కలకు కూడా పాకింది. ఎండేమో, గొలుసు రాపిడేమో అనుకుంది. మేడమ్ రుద్దుతూనే ఉంది, గచ్చు మీద అంటిన జిగురును గోకినట్టు. చివరికి గుడ్డను వెలుగుకి ఎత్తింది. బొమ్మ మెడ తిప్పి చూసింది. గుడ్డ మల్లెపువ్వులా ఉంది.

"తెల్లగానే ఉంది కదా మేడమ్" అంది బొమ్మ.

అనకూడని మాట అది.

"నాకు గుడ్డ చూడ్డం నేర్పుతావా? రుద్దితే పోతుంది. ఎందుకు పోదు? రుద్దేవాళ్ళు గట్టిగా రుద్దాలి, అంతే!" అంది మేడమ్. ఆ చివరి ముక్క బొమ్మతో అన్నట్టు లేదు, ఇంకెవరితోనో పోట్లాడుతున్నట్టుంది. "పో, పెట్టెల గదిలో కూర్చో. సోమవారం వరసలో నిలబడేసరికి ఈ నలుపు పోయి ఉండాలి. పోలేదా, నీ చోటు ఇక అదే."

పెట్టెల గది దుకాణం వెనకాల, కిటికీ లేని కొట్టు. నగలు పెట్టి ఇచ్చే అట్టపెట్టెలకు లోపల ముఖమల్ అంటించడం అక్కడి పని. వెళుతుంటే గాజుల కౌంటరులోని పెద్దావిడ, అందరూ గాజులక్క అనేది ఆమెనే, ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుంటూ అంది.

"అక్కడికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ కౌంటరు ఎక్కడం నేను చూళ్ళేదే తల్లీ. కిందటిసారి వెళ్ళినామె అటునుంచి అటే ఇంటికి వెళ్ళింది."

"ధైర్యం చెప్పడానికి వచ్చావా అక్కా?"

"చెప్పడానికే వచ్చాను. నోట్లోంచి ఇది వచ్చింది."

బొమ్మ జిగురు డబ్బా ముందు కూర్చుంది. కుంచెతో అట్టకు పలచగా జిగురు పూసి, ముఖమల్ ముక్క పరిచి, మూలల్లో బొటనవేలితో నొక్కాలి. ముక్కలన్నిటికీ నూగు ఒకే వైపు వాలాలి. వాలుగా నిమిరితే ముఖమల్ మెరుస్తుంది. ఎదురు నిమిరితే నల్లబడుతుంది. ఆ మార్పు ఆమెకు తమాషాగా అనిపించి, ఒక ముక్కను అటూ ఇటూ నిమురుతూ కాసేపు తిట్లన్నీ మరిచిపోయింది. తర్వాత ఎవరూ చూడ్డంలేదు కదా అని వేలు మెడ వెనక్కి పోనిచ్చింది. అక్కడ చర్మం దళసరిగా, మెత్తగా, అచ్చం వేలి కింది ముఖమల్‌లాగే ఉంది. చటుక్కున చెయ్యి తీసేసింది.

ఇంట్లో చెప్పకూడదనుకుంది. కానీ మొహం దాచుకోవడం ఆమెకు రాదు. అత్తగారు గుమ్మంలోనే పట్టేసింది. నాలుగు ప్రశ్నలు వేసి సంగతి లాగేసి, చేతిలోని గరిట పక్కన పెట్టింది.

"ఇన్నాళ్ళూ నోరు కట్టుకుని కూర్చున్నాను, కొత్తకోడలు కదా, నొచ్చుకుంటుందని. ఇవాళ బజారుకెక్కింది చూశావా? మీ అమ్మ నీకు మెడ తోముకోవడమైనా నేర్పకుండా పంపేసిందా?"

"మా అమ్మనెందుకంటారు అత్తయ్యా?"

"మరి ఎవర్ననాలి? నన్నంటారమ్మా జనం. కోడలికి సబ్బు కూడా కొనివ్వదనుకోరూ? పద స్నానాలగదిలోకి."

పీచు తీసింది. గిన్నెలకు కొత్తగా తెచ్చిన గరుకు పీచు. బొమ్మ పీట మీద కూర్చుని మోకాళ్ళ మీద నుదురు ఆనించింది. అత్తగారి చెయ్యి పనిలో పడిందంటే వెనక్కి రాదు. ఆ చేత్తో తోమితే అడుగంటిన గిన్నె కూడా అద్దం కావలసిందే. "ఒదులుతోంది, ఒదులుతోంది" అంటూ ఆవిడ ఉత్సాహంగా తోమింది. ఒదిలింది మాత్రం చర్మం. నీళ్ళలో ఎర్రటి తీగ ఒకటి సాగి తూములోకి పోయింది.

బొమ్మ భర్త ఇంటింటికీ పార్సిళ్ళు అందించే పనిలో ఉన్నాడు. వస్తూనే బండి తాళంచెవి గాలిలో ఎగరేసి పట్టుకోవడం అతని అలవాటు. ఆ సాయంత్రం ఎగరేసిన తాళంచెవి కింద పడింది.

"మెడకేమైంది?"

"మీ అమ్మగారు అద్దం చేశారు. మొహం చూసుకోండి" అంది బొమ్మ. సంతోషంగా ఉంటే అతన్ని నువ్వంటుంది. కోపమొస్తే మీరంటుంది. అతను రుమాలు తడిపి తెచ్చి మెడ మీద వేసి, ఉఫ్ ఉఫ్‌మని ఊదాడు. ఆ ఊదడంలో తన జుట్టు ఎగిరి అతని నోట్లోకి పోవడం, అతను థూ థూ అనడం చూసి ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చేసింది.

"నవ్వులు తర్వాత" అంది అత్తగారు వంటింట్లోంచి. "ఇంత తోమినా పోలేదంటే షుగరేమో. మీ మేనత్తకి కూడా మెడ ఇలాగే ఉండేది. పొద్దున్నే ఏమీ తినకుండా తీసుకెళ్ళి చూపించు."

మర్నాడు పరగడుపున రక్తం ఇచ్చింది. షుగర్ మామూలుగానే ఉందని మధ్యాహ్నానికి ఫోనుకు కబురు వచ్చింది. పెట్టెల గదిలో ఒక్కతే ఉంది కాబట్టి బొమ్మ లేచి గిర్రున ఒక చుట్టు తిరిగింది. జిగురు డబ్బా తన్నుకుని, దాన్ని పట్టుకుని, అదే ఊపులో పెద్ద మేడమ్ దగ్గరికి పరుగెత్తింది.

"మేడమ్, పరీక్ష చేయించుకున్నాను. నాకు ఏ జబ్బూ లేదు!"

"లేదా?"

"లేదు మేడమ్."

"అయితే మురికన్నమాట" అంది మేడమ్, బిల్లు పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "జబ్బయితే పాపం అనుకునేదాన్ని."

సాయంత్రం అత్తగారూ అదే మాట. పైగా గెలిచినట్టు తల ఊపింది. "జబ్బు లేదని వాళ్ళే చెప్పారుగా. మరి నలుపెక్కడిది? ఊరికే వస్తుందా?" పీచు ఆరేసిన చోటు వైపు చూసింది.

ఒంట్లో బాగుందని తేలడమే తన నేరానికి సాక్ష్యం కావడం బొమ్మకు మింగుడుపడలేదు. రక్తం మంచిదైనకొద్దీ తను చెడ్డదవుతోంది. ఆమె చెప్పులు వేసుకుంది. భర్త కూడా తాళంచెవి తీసుకున్నాడు. అతను మందుల డబ్బాలు అందించే ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ ఉంది. మంచిదే కానీ నోరు మంచిది కాదని అతను ముందే హెచ్చరించాడు.

డాక్టరమ్మ మెడ వంచి చూసి, నాలిక చప్పరించింది.

"ఎవరు తోమారు ఇలా? ఇది మెడా, అంట్ల గిన్నా?"

భర్త నేలచూపులు చూశాడు. బొమ్మ అంతా చెప్పింది. షుగర్ బాగానే ఉందన్న మాట చెప్పేటప్పుడు మాత్రం గొంతు పెద్దదయింది.

"బాగుందని సంబరపడ్డారు. ఎందుకు బాగుందో అడిగారా ఎవరైనా?" డాక్టరమ్మ కలం మూత పెట్టింది. "మీరు తిన్న తిండిలో చాలా భాగం షుగరై రక్తంలోకి వస్తుంది. రక్తంలోనే తిరుగుతూ కూర్చుంటే దానివల్ల లాభం లేదు. కండల్లోకి, కాలేయంలోకి పోవాలి. లోపలికి రానివ్వండి అని వాటికి చెప్పేది ఇన్సులిన్. పొట్ట వెనక క్లోమం అని ఒకటుంది, అది దాన్ని తయారుచేసి పంపుతుంది. మీ కండలు ఆ మాట సరిగ్గా వినడం లేదు. చెవిటివాళ్ళ ముందు ఏం చేస్తాం? ఇంకా గట్టిగా అరుస్తాం. క్లోమం కూడా అంతే, ఇంకా ఇంకా ఇన్సులిన్ పంపుతోంది. అలా రెట్టింపు చాకిరీ చేసి రక్తంలో షుగర్ పెరగకుండా ఆపుతోంది. మీరంతా షుగర్ చూసి ఆహా అంటున్నారు. చాకిరీ చేసేదాన్ని ఎవరూ చూడ్డం లేదు."

బొమ్మకు ఎందుకో కళ్ళు చెమర్చాయి. తన పొట్ట వెనక ఎక్కడో, పేరు కూడా సరిగా తెలియనిది ఒకటి, తను హారాలు వేసుకుని నవ్వుతూ నిలబడిన ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా గొంతు చించుకుంటోందన్నమాట.

"ఎన్నాళ్ళు అలా చెయ్యగలదు డాక్టరుగారూ?"

"కొందరిలో ఏళ్ళ తరబడి లాగుతుంది. లాగి లాగి అలిసిపోతే అప్పుడు షుగర్ పెరుగుతుంది. అప్పుడు మీ అత్తగారు అవును జబ్బే అని ఒప్పుకుంటారు."

"మరి ఈ నలుపు?"

"ఇన్సులిన్ ఎక్కువైతే ముడతలు పడేచోట చర్మం గబగబా పెరుగుతుంది. దళసరిగా, నల్లగా. అది చర్మం మీదున్న మురికి కాదమ్మా, చర్మమే. రుద్దేకొద్దీ ఇంకా నల్లబడుతుంది."

"ముఖమల్‌ని ఎదురు నిమిరినట్టు" అంది బొమ్మ.

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆమెను చూసి, "నిమిరినా పర్వాలేదు, పీచు పెట్టకండి" అంది. ఇన్సులిన్ ఎంతుందో చూడ్డానికి మర్నాడు పరగడుపున మళ్ళీ రక్తం ఇమ్మంది, ఫలితం రావడానికి వారం పడుతుందంది. ఇలాంటి నలుపుకి వేరే కారణాలు కూడా ఉండొచ్చు, ఏదో తేల్చుకుందాం అంది. ఇక చీవాట్లు. కౌంటరు దగ్గర గంట గంటకూ తీపి టీ, బిస్కెట్లు మానాలి. రోజూ చెమటపట్టేలా నడవాలి, బరువులెత్తాలి. "కండ పనిచేస్తే క్లోమం అంతగా అరవక్కర్లేదు. షుగర్‌ని కండే లాక్కుంటుంది. కొన్నాళ్ళకు మాట వినడం కూడా మెరుగవుతుంది."

"సోమవారానికి మెడ తెల్లబడుతుందా డాక్టరుగారూ?"

"ఏ సంవత్సరం సోమవారానికి?" డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. "నెలలు పడుతుంది."

"పోనీ మీరొక్కమాట మా మేడమ్‌కి ఫోన్ చేసి…"

"నేను డాక్టర్నమ్మా, మీ తరఫు వకీలును కాను. తర్వాతివాళ్ళు రండి!"

నడవమన్నారు కదా అని బండిని తోసుకుంటూ ఇంటిదాకా నడిచారు. వీధి మలుపు తిరగగానే భర్త ఆగిపోయాడు.

"నాకర్థమైంది బొమ్మా. నేనే ఇన్సులిన్‌ని."

"మీరు మా ఆయన."

"విను మరి. పార్సిళ్ళు షుగరు. వీధి రక్తం. నేను బెల్లు కొడతాను, ఇంట్లోవాళ్ళు తలుపు తీసి పార్సిల్ లోపలికి తీసుకుంటారు. వీధి ఖాళీ. బాగుందా? రోజంతా బెల్లు మోగి మోగి వాళ్ళకు విసుగొచ్చిందనుకో, ఒక బెల్లుకి తియ్యరు. మా ఆఫీసువాడు ఏం చేస్తాడు? ఇంకో పదిమందిని పంపుతాడు. అందరం కలిసి బెల్లు అరిగిపోయేలా నొక్కితే ఎప్పటికో తీస్తారు. సాయంత్రానికి వీధి ఖాళీయే. చూసినవాళ్ళు అబ్బ, ఎంత చక్కగా జరుగుతోందీ పని అంటారు. మా వేళ్ళు వాచిపోయిన సంగతి ఎవడికి కావాలి?"

"మరి నడిస్తే?"

"నడిస్తే లోపలివాళ్ళకు ఆకలేస్తుంది. బెల్లు కోసం చూడరు. వాళ్ళే తలుపు తీసుకుని వచ్చి నా చేతిలోంచి లాక్కుంటారు."

బొమ్మ అతని వేలు పట్టుకుని వాచిందేమో చూసింది. "నువ్వు బలే ఉన్నావే ఇన్సులిన్" అంది. నువ్వు అన్న మాట వినబడగానే అతను తాళంచెవి ఎగరేశాడు.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ నడకకు బయల్దేరుతుంటే అత్తగారు వెంటబడింది. బయట చిరుతిళ్ళు తినడానికే ఈ ఎత్తు అని ఆవిడ గట్టి నమ్మకం. వీధి చివరికి వచ్చేసరికి ఆయాసపడుతూ, "ఏ కొట్టు దగ్గర ఆగుతారో నేనూ చూస్తాగా" అంది. ఏ కొట్టు దగ్గరా ఆగలేదు. ఆవిడకు అది ఇంకా కోపం తెప్పించింది. కొడుకు పార్సిళ్ళ కథంతా చెబితే, "బెల్లూ లేదు, బోడీ లేదు. మా కాలంలో పీచుండేది" అంది. అయినా ఆ రాత్రి పీచు మళ్ళీ గిన్నెల దగ్గరికి చేరింది.

పెద్ద మేడమ్‌కు చెప్పిచూడక తప్పదనుకుంది బొమ్మ. ఆవిడ భోజనానికి లేచే వేళకు దారికి అడ్డంగా నిలబడి, డాక్టరమ్మ చెప్పినదంతా గబగబా అప్పజెప్పింది.

మేడమ్ వింది. నడుం మీద చెయ్యి వేసుకుని మరీ వింది.

"షుగర్ ఉందా నీకు?"

"ఇప్పుడు లేదు మేడమ్, కానీ లోపల…"

"లోపల సంగతి నాకెందుకు? హారం లోపల వేస్తామా, మెడ మీద వేస్తామా? రుద్దినా పోదని ఎవరో చెప్తే నమ్మాలా నేను? ఇన్ని వారాలుగా నేను…" అని చటుక్కున ఆగింది. మొహం గట్టిపడింది. "సోమవారం. అంతే. అడ్డు తప్పుకో."

ఆదివారం దుకాణం కిటకిటలాడుతోంది. పై అంతస్తులోని అద్దాల గదికి హారాల పెట్టెలు తెమ్మని కబురొచ్చింది. ముఖ్యమైనవాళ్ళు తీరిగ్గా చూసుకునే గది అది. బొమ్మ పెట్టెల దొంతర గడ్డం కింద నొక్కిపట్టి మెట్లెక్కింది. గదిలో పెద్ద మేడమ్, హారాల కౌంటరులోని పొడుగుపిల్ల, అద్దం ముందు కుర్చీలో ఇరవయ్యేళ్ళ అమ్మాయి ఒకతె. మేడమ్ కూతురు. పెళ్ళి కుదిరిందని దుకాణంలో అందరికీ తెలుసు. ఉక్కకు అందరి మొహాలూ కారిపోతుంటే ఆ అమ్మాయి మెడకు దళసరి కండువా చుట్టుకుని కూర్చుంది.

"ఇది వేసుకుని చూపించు" అంది మేడమ్ పొడుగుపిల్లతో.

పొడుగుపిల్ల వేసుకుని అటూ ఇటూ తిరిగింది. ఆమె మెడ సన్నగా, నున్నగా, దంతంతో చేసినట్టుంటుంది. అమ్మాయి ఒకసారి చూసి తలదించుకుంది.

"బాలేదా?"

"ఆమెకు బాగుందమ్మా."

"నీకూ బాగుంటుంది. పెళ్ళినాటికి నీ మెడా అలాగే అవుతుంది. నిన్న రాత్రి సరిగ్గా రుద్దించుకోకుండా పారిపోయావు కానీ…" మేడమ్ కండువా సర్దబోయింది. అమ్మాయి ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. కండువా జారింది.

బొమ్మ చేతిలో పెట్టెలు ఒకదాని మీద ఒకటి కదిలాయి. ఆ మెడ మీద నలుపు తనకున్నదే. దాని మీద రక్తం కట్టిన గీరలు, పాత పెచ్చులు, ఆ పక్కనే కొత్తగా లేచిన పచ్చి ఎరుపు. తనను ఒక్క సాయంత్రం తోమారు. ఈ అమ్మాయిని రోజూ తోముతున్నారు.

ఒక మాట నాలిక చివరికి వచ్చి కూర్చుంది. మీ అమ్మాయికి మెడ తోముకోవడం నేర్పలేదా మేడమ్? అంతే. ఎంత తియ్యగా ఉంటుందో ఆ మాట! పొడుగుపిల్ల వింటుంది, భోజనాల వేళకు దుకాణమంతా వింటుంది. అద్దంలో మేడమ్ కళ్ళు ఆమె కళ్ళను పట్టుకున్నాయి. ఆ మాట వస్తుందని ఆవిడకు కూడా తెలిసినట్టే ఉంది. కూతురి మెడకు చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది.

అమ్మాయి కండువా వెతుక్కుంటోంది.

బొమ్మ పెట్టెలు కింద పెట్టింది. పొడుగుపిల్ల మెడలోంచి హారం విప్పి, తన మెడలో వేసుకుంది. జుట్టు పైకి ఎత్తి పట్టుకుని అమ్మాయికి వీపు తిప్పి, ఆమె కళ్ళకు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఇప్పుడు చూడమ్మా. మన మెడకు ఎలా ఉంటుందో."

వెనకనుంచి ఒక వేలు వచ్చి, హారం పక్కన, నలుపు మీద మెల్లిగా ఆనింది.

"మీకు కూడా మీ అమ్మ రుద్దుతుందా?"

"మా అత్తయ్య. ఒక్కసారే."

"ఒదిలిందా?"

"చర్మం ఒదిలింది. ఇది మురికి కాదమ్మా. నీ లోపల ఒకటి నీకోసం రెట్టింపు పని చేస్తోంది, దాని గుర్తు ఇది. దానికి సాయం చెయ్యాలి. అంతేగానీ రుద్దకూడదు. డాక్టరుకు చూపించుకో."

"నిన్ను పెట్టెలు తెమ్మన్నానా, ప్రసంగాలు చెయ్యమన్నానా?" మేడమ్ గొంతు పగిలింది. "బయటికి నడువు!"

"అమ్మా" అంది అమ్మాయి. అరవలేదు, ఏడవలేదు. "గుడ్డ ఎప్పుడూ తెల్లగానే ఉండేది కదమ్మా. నేను చెప్తూనే ఉన్నాను కదా."

మేడమ్ జారిన కండువా తీసి కూతురి ఒళ్ళో పడేసింది. తర్వాత మళ్ళీ, "నడువు అన్నానా!" అంది. ఈసారి పొడుగుపిల్ల కూడా బయటికి నడిచింది.

సోమవారం బొమ్మ డబ్బా కట్టుకోకుండానే బయల్దేరింది. మధ్యాహ్నానికి ఇంటికి పంపేస్తారు కదా, అన్నం అక్కడిదాకా మోసుకెళ్ళడం ఎందుకని. డబ్బా అత్తగారే తెచ్చి చేతిలో కుక్కింది. "పంపేస్తే పంపనీ. తిని మరీ రా. ఎదురుగా కూర్చుని తిను." భర్త మెడ మీద ఉఫ్‌మని ఒకసారి ఊదాడు.

"పౌడరు రాసుకోవే, కాస్త కప్పుతుంది" అంది గాజులక్క గుమ్మంలో.

"పౌడరు పరీక్షే కదా అక్కా అది."

"అవును సుమా" అని ఆవిడ నాలిక కరుచుకుంది.

బొమ్మ జుట్టు పైకి ముడిచింది. ఎప్పటికంటే కాస్త పైకే ముడిచింది. గోడకు ఎదురుగా, వరస చివర నిలబడింది. వెనక చెప్పుల చప్పుడు. తుడుపు, ఆగడం, "ఊఁ". తుడుపు, ఆగడం, "ఊఁ". పక్కన పొడుగుపిల్ల దగ్గర "ఊఁ". తర్వాత చెప్పులు ఆమె వెనక ఆగాయి.

తడి చల్లదనం ఇప్పుడు తగులుతుంది, ఇప్పుడు తగులుతుంది అని బొమ్మ కళ్ళు మూసుకుంది. తగలలేదు. మేడమ్ ఊపిరి మాత్రం వెచ్చగా తగులుతోంది.

"ఆ డాక్టరు ఎన్నింటికి ఉంటుంది?" గొంతు ఎప్పటిలాగే కర్కశంగా ఉంది. అప్పు తీర్చమని అడుగుతున్నట్టుంది.

"సాయంత్రాలు ఉంటుంది మేడమ్. కాస్త తిడుతుంది."

"తిడుతుందా! నన్నా?"

"రుద్దినవాళ్ళని తిడుతుంది మేడమ్."

వరసంతా బిగుసుకుపోయింది. ఇక అయిపోయిందనుకుంది బొమ్మ. వెనకనుంచి తడిగుడ్డ విసురుగా వచ్చి ఆమె భుజం మీద పడింది.

"ఏం చూస్తున్నారు అంతా నోళ్ళు వెళ్ళబెట్టుకుని? తలుపులు తియ్యండి! నువ్వు, హారాల కౌంటరు అద్దం తుడువు. నిన్నటి వేలిముద్రలన్నీ దాని మీదే ఉన్నాయి. కౌంటరు వదిలిపెట్టి వెళితే ఇలాగే ఉంటుంది."

చెప్పులు టకటకా వెళ్ళిపోయాయి.

బొమ్మ గుడ్డ తీసుకుని హారాల కౌంటరు దగ్గరికి వెళ్ళింది. తను పెట్టెల గదికి వెళ్ళిన దగ్గర్నుంచీ ఆ అద్దాన్ని ఎవరూ ముట్టుకున్నట్టు లేదు. పైకి మాత్రం తళతళలాడుతోంది. అటునుంచి ఇటు దాకా నిదానంగా ఒక తుడుపు తుడిచి, గుడ్డను లైటు వెలుగుకి ఎత్తి చూసింది.

నల్లగా ఉంది.

"ఊఁ" అంది.